విలియం లాంబ్టన్: చోటు చెప్పిన మనిషి

ఈ సంవత్సరం సంచికకు ఎవరైనా గొప్పవారి జీవితాన్ని గురించి రాయమని విద్యార్థి సంఘం వాళ్లు వచ్చి అడిగారు. గాంధీగారి మీదా, వివేకానందుని మీదా రాసేవాళ్లకు కొదవ లేదు. నేను మాత్రం చాలాకాలంగా బాకీపడి ఉన్న ఒక మనిషిని గురించి రాస్తానన్నాను. ఆయన మనవాడు కాదు. ఇంగ్లీషు సిపాయి. చనిపోయి రెండువందల ఏళ్లు దాటింది. పేరు విలియం లాంబ్టన్. ఎవరెస్టు పేరు తెలియని విద్యార్థి ఉండడు. ఆ ఎవరెస్టు దొర ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో తెలిసినవాళ్లు తక్కువ.

ముందు నా బాకీ సంగతి చెబుతాను. మాది చంద్రగిరి దగ్గర చిన్న పల్లె. 1979లో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాను. భూగోళశాస్త్రం ప్రాక్టికల్ క్లాసులో మా సారు బల్లమీద గ్లోబు పెట్టి, నన్ను పిలిచి, మీ ఊరెక్కడో చూపించమన్నారు. నేను ధైర్యంగా వేలు పెట్టాను. ఆ వేలికింద మద్రాసు మొదలు బెంగుళూరు దాకా అంతా మూసుకుపోయింది. సారు నవ్వి, వేలు తీసి మాటల్లో చెప్పమన్నారు. తిరుపతిలో బస్సెక్కి చంద్రగిరిలో దిగి, కోట దాటి, చింతతోపు పక్కన మట్టిదారి పట్టుకుని రెండు మైళ్లు నడవాలని చెప్పాను. క్లాసంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. నేను చెప్పింది దారేగాని చోటు కాదనీ, ఈ రెంటికీ ఉన్న తేడా తెలిసిననాడు భూగోళశాస్త్రం వచ్చినట్లేననీ చెప్పి కూర్చోమన్నారు. ఆ రోజు నాకు రోషం వచ్చింది. దారి తెలిస్తే చాలదా, అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

చాలా ఏళ్ల తరువాత లాంబ్టన్ జీవితం చదువుతుంటే అచ్చం ఈ ప్రశ్నే ఎదురైంది. ఆయన తన పనికి డబ్బు అడిగినప్పుడు మద్రాసులో లెక్కలు చూసే పెద్దమనుషుల్లో ఒకాయన అడ్డుపడ్డాడట. ఎవరికైనా శ్రీరంగపట్నం వెళ్లాలని ఉంటే పల్లకీ బోయీల పెద్దకు ఒక్క మాట చెబితే చాలునట, వాళ్లే తీసుకుపోతారట, ఇక ఈ పటాలెందుకని ఆయన వాదన. నేను క్లాసులో చెప్పిన జవాబూ అదే. మన తిరుమలకు పూర్వం యాత్రికులు ఏ పటం చూసుకుని వచ్చారు? అడుగుతూ వచ్చారు, చేరారు. అందుకని ఆ పెద్దమనిషి మాట తీసిపారేయదగ్గది కాదు. దానికి జవాబు చెప్పడానికి లాంబ్టన్‌కు ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ఇరవై ఏళ్ల కథే ఆయన జీవితం.

ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైరులో, నార్తలర్టన్ అనే ఊరి దగ్గర, బీద రైతు కుటుంబంలో పుట్టాడు. పుట్టిన సంవత్సరం కూడా నిక్కచ్చిగా లేదు. 1753 అని కొందరు, మరి రెండు మూడేళ్లు తరువాత అని కొందరు. ప్రపంచంలో ప్రతి చోటినీ సెకండ్ల లెక్కతో చెప్పదలచిన మనిషికి తన వయసే సరిగా దొరకలేదు. లెక్కల్లో చురుకు గనుక ఊళ్లో బడిలో జీతం లేకుండా చదువుకునే వీలు దొరికింది. 1781లో సైన్యంలో చేరి అమెరికా యుద్ధానికి పోయి, యార్క్‌టౌన్‌లో పట్టుబడి బందీ అయ్యాడు. తరువాత కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో పదేళ్లకు పైగా ఉన్నాడు. వలస వచ్చినవాళ్లకు భూములు కొలిచి ఇవ్వడం, బారకాసులు చూసుకోవడం ఆయన పని. అక్కడే సూర్యగ్రహణం చూడబోయి ఒక కన్ను చెడగొట్టుకున్నాడు. సాయంత్రాలు ఒంటరిగా కూర్చుని గణితం, జ్యోతిశ్శాస్త్రం చదువుకున్నాడు. గురువు లేడు, డిగ్రీ లేదు. నలభై దాటినా పెద్ద ఉద్యోగం లేదు. ఈ సంగతి మన విద్యార్థులు కాస్త మనసులో పెట్టుకోవాలి.

తన 33వ రెజిమెంటుతో పాటు ఇండియాకు వచ్చి, 1799లో టిప్పు సుల్తాను మీద జరిగిన ఆఖరి యుద్ధంలో పాల్గొన్నాడు. ఏప్రిల్ నెలలో ఒక రాత్రి జనరల్ బెయిర్డ్ ఒక దళాన్ని వెంటబెట్టుకుని శ్రీరంగపట్నం దగ్గర ఒక తోపు గాలించి తిరిగివస్తున్నాడు. చీకట్లో అందరూ తమ విడిదికే పోతున్నామనుకున్నారు. లాంబ్టన్ తలెత్తి నక్షత్రాలు చూశాడు. ఉత్తరానికి పోవలసిన దళం దక్షిణానికి, అంటే నేరుగా టిప్పు సైన్యం మీదికి, నడుస్తున్నది. జనరల్‌తో చెబితే మొదట నమ్మలేదు. దిక్సూచి తెప్పించి చూస్తే నక్షత్రాలదే నిజమైంది. దళం వెనక్కి తిరిగింది. దారి తెలుసుననుకున్న సైన్యానికి ఆ రాత్రి తానున్న చోటు తెలియలేదు. అది తెలిసినవాడు ఒక్కడే.

యుద్ధం ముగిశాక లాంబ్టన్ ఒక ప్రతిపాదన రాసి పై అధికారి ఆర్థర్ వెల్లస్లీకి ఇచ్చాడు. మద్రాసు తీరం నుంచి పడమటి తీరం దాకా దేశాన్ని త్రిభుజాలతో కొలవాలి, ఒక్కొక్క ముఖ్యస్థలానికి అక్షాంశ రేఖాంశాలు గట్టిగా తేల్చాలి, పనిలో పనిగా భూమి అసలు ఆకారం ఏమిటో కూడా చూడాలి. 1800లో అనుమతి వచ్చింది. అదే కాలంలో కల్నల్ మెకంజీ మైసూరు సర్వే మొదలుపెట్టాడు. మన కైఫీయత్తులు సేకరించిన ఆ మెకంజీ తెలుగువాళ్లకు బాగా తెలుసు, ఆయనకు తోడుగా నిలిచిన కావలి బొర్రయ్య మనవాడే. మెకంజీ ఊళ్లు, చెరువులు, కోటలు, కథలు రాసుకున్నాడు. లాంబ్టన్ కథల జోలికి పోలేదు. ఆ ఊళ్లన్నీ తగిలించడానికి కదలని మేకులు కొట్టడం ఆయన వంతు.

పరికరాలు చేరిన తీరు కూడా ఒక కథే. కొలత గొలుసు మొదట చైనా చక్రవర్తికి కానుకగా పోయి, ఆయనకు అక్కరలేక, చేతులు మారి కలకత్తాలో తేలింది. థియోడోలైటు అనే కోణాలు కొలిచే పెద్ద యంత్రాన్ని లండనులో కేరీ అనే నిపుణుడు చేశాడు. బరువు అర టన్ను. ఓడలో వస్తుంటే ఫ్రెంచి వాళ్లు పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయారు. విప్పి చూసి, ఇది ఆయుధం కాదు, విద్యకు పనికివచ్చే వస్తువు అని మర్యాదగా మద్రాసుకు పంపించారు. శత్రువులైనా విద్యకు ఆ పాటి విలువ ఇచ్చారు.

1802 ఏప్రిల్ 10న మద్రాసు పరంగిమల దగ్గర చదునైన నేల మీద ఆధారరేఖ కొలవడం మొదలైంది. దాదాపు ఏడున్నర మైళ్లు. నూరడుగుల ఉక్కు గొలుసును చెక్కపెట్టెల్లో పరిచి, ఎండకు ఉక్కు సాగుతుంది గనుక పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, సాగిన వెంట్రుకవాసి కూడా లెక్కగట్టి, నాలుగువందల సార్లు పరిచారు. ఏప్రిల్, మే నెలల్లో మద్రాసు ఎండ ఎట్లా ఉంటుందో మనకు చెప్పనక్కరలేదు.

ఇంత బాధ ఎందుకు? త్రిభుజంలో ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు లెక్కకట్టవచ్చు. హైస్కూలు లెక్కే. నేలమీద ఒక్క భుజం ఒళ్లు దాచుకోకుండా కొలిస్తే, ఆ పైన కొండమీంచి కొండకు కోణాలు చూసుకుంటూ పోవచ్చు. వచ్చిన కొత్త భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకొకటి. ఏరు దాటనక్కరలేదు, అడవి నరకనక్కరలేదు. అయితే మొదటి భుజంలో తప్పు జరిగితే ఆ తప్పు చివరిదాకా పెరుగుతూ పోతుంది. అందుకే అంత జాగ్రత్త.

ఆ త్రిభుజాల వరస మద్రాసు నుంచి పడమటికి, ఇంచుమించు 13 డిగ్రీల అక్షాంశం వెంబడి సాగింది. మన చిత్తూరు 13 డిగ్రీల 13 నిమిషాల మీద ఉంది, అంటే ఆ వరస మన గుమ్మం ముందునుంచే పోయినట్లు లెక్క. 1804లో బెంగుళూరు దగ్గర మరో ఆధారరేఖ కొలిచారు. అది కొత్త పని కోసం కాదు, పాతది సరిచూసుకోవడానికి. మద్రాసు నుంచి 150 మైళ్లకు పైగా త్రిభుజాల మీద లెక్కకట్టి తెచ్చిన పొడవుకూ, నేలమీద గొలుసు పెట్టి కొలిచిన పొడవుకూ వచ్చిన తేడా నాలుగు అంగుళాల లోపు!

1806 నాటికి మంగుళూరు సముద్రం కనిపించింది. అప్పుడు తేలిన సంగతి అందరినీ నివ్వెరపరిచింది. అంతదాకా పటాలు అక్కడ ద్వీపకల్పం వెడల్పు 400 మైళ్లని చూపుతున్నాయి. నిజానికి 360 మైళ్లే. నలభై మైళ్ల నేల కాగితం మీదే ఉంది, భూమ్మీద లేదు. పల్లకీ బోయీలు మంగుళూరు చేర్చలేరా అంటే చేర్చగలరు. కాని దారిలో నలభై మైళ్లు పటంలో ఎక్కువ ఉన్నాయని వాళ్లు చెప్పలేరు. ఆ పెద్దమనిషికి మొదటి జవాబు ఇది.

తరువాత పని దక్షిణానికి తిరిగింది. 1808లో తంజావూరులో గుడి గోపురం మీదికి థియోడోలైటును తాళ్లతో లాగుతుంటే తాడు తెగింది. యంత్రం గోడకు కొట్టుకుని, కోణాలు చూసే దాని చక్రం వంకరపోయింది. అటువంటిది దేశంలో ఇంకొకటి లేదు. ఇంగ్లండు నుంచి తెప్పించాలంటే ఏళ్లు పడుతుంది. ఇంకొకరైతే పని ఆపి ఉత్తరం రాసి కూర్చునేవారు. లాంబ్టన్ ఎవరినీ తిట్టలేదు. గుడారంలో తలుపు బిగించుకుని ఆరువారాల పాటు ఆ చక్రాన్ని కొంచెం కొంచెంగా లాగి, సరిచేసి, మళ్లీ గుండ్రంగా తెచ్చాడు. దానితోనే ఇంకా ఏళ్ల తరబడి పనిచేశారు.

కన్యాకుమారి దగ్గరనుంచి ఉత్తరంగా, ఇంచుమించు 78వ రేఖాంశం వెంట, ఆయన నడిపిన వరసనే తరువాత మహాచాపం అన్నారు. 1811లో ఆ కొలత మన రాయలసీమలో గుత్తి దగ్గరకు వచ్చింది, అక్కడా ఒక ఆధారరేఖ కొలిచారు. 1815కు బీదరు చేరింది. దాదాపు 10 డిగ్రీల అక్షాంశం పొడవునా భూమి వంపును నేలమీద కొలిచినట్లయింది. భూమి నున్నటి బంతి కాదు, ధ్రువాల దగ్గర నొక్కుకుని ఉంటుంది. ఎంత నొక్కుకుందో తేల్చడానికి ఈ కొలతలు యూరపు పండితులకు పనికివచ్చాయి. ఫ్రెంచి అకాడెమీ, రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా చేర్చుకున్నాయి. 1818లో ఈ సర్వేకు మహా త్రికోణమితి సర్వే అని పేరుపెట్టి, కలకత్తా ప్రభుత్వం కిందికి తెచ్చారు. ఆ ఏడాది చివర హైదరాబాదులో జార్జి ఎవరెస్టు వచ్చి ఆయన కింద చేరాడు.

కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలవడానికి ఎవరెస్టును పంపారు. వానాకాలం అడవి జ్వరాలు చుట్టుకున్నాయి. నూట యాభై మంది దాకా మంచాన పడ్డారు. హైదరాబాదు నుంచి బండ్లు, ఏనుగులు పంపి వాళ్లను తెప్పించారు. కొందరు దారిలోనే పోయారు. ఎవరెస్టు కూడా చావు తప్పి, విశ్రాంతికి ఆఫ్రికా దక్షిణ కొసకు వెళ్లాడు. ఆయన సంగతి పుస్తకాల్లో ఉంది. దారిలో పోయినవాళ్ల పేర్లు మాత్రం నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా కనిపించలేదు.

ఇక్కడ మా తాత గుర్తుకువస్తాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు భూముల సర్వే పార్టీలో గొలుసు లాగేవాడు. రాళ్లు మోసి హద్దుల్లో పాతేవాడు. సంతకం రాదు, ఏ పటం మీదా పేరు లేదు. కాని పొలం గట్టు తగాదా వస్తే ఊరంతా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు, మట్టి కప్పేసిన రాయి ఎక్కడుందో ఆయన చూపించేవాడు. నేను డిగ్రీలో పటాలు గీస్తుంటే పక్కన కూర్చుని, గొలుసు వదులుగా పట్టుకుంటే పక్కవాడి భూమి తినేసినట్లేననేవాడు. లాంబ్టన్ నాలుగువందల సార్లు గొలుసు పరిచాడని మనం అంటాం. పరిచిన చేతులు మా తాత లాంటివాళ్లవి. కొండలెక్కి జెండాలు పట్టుకుని ఎండలో నిలబడిన కాళ్లూ వాళ్లవే. లాంబ్టన్ సహాయకుల్లో జాషువా డి పెన్నింగ్ వంటి కొందరు మద్రాసు సర్వే బడిలో చదివి పైకివచ్చినవాళ్లు. 1794లో మొదలైన ఆ బడే పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగు కళాశాల అయింది.

ఇంకొక మాటా దాచకుండా చెప్పాలి. ఈ కొలతలన్నీ కంపెనీవాళ్లు మన మీద ప్రేమతో చేయించినవి కావు. సైన్యాలు నడపాలి, శిస్తులు వసూలు చేయాలి, అందుకు పటాలు కావాలి. కోటల మీద దుర్భిణి పెడితే ఊరివాళ్లు అనుమానంగా చూశారంటే తప్పు వాళ్లది కాదు. అయితే ఏలినవాడు వెళ్లిపోయాడు, కొలత మనకు మిగిలింది. కత్తి ఎవరు చేయించినా కూర తరుక్కోవడానికి పనికివస్తుంది గదా.

లాంబ్టన్ డెబ్బయ్యో ఏటికి దగ్గరపడ్డాడు. 1822లో హైదరాబాదులో విలియం హావెల్ అనే చిత్రకారుడు ఆయన బొమ్మ వేశాడు. దగ్గుతో శరీరం క్షీణించినా పని మానలేదు. నాగపూరుకు మకాం మార్చడానికి బయలుదేరి, 1823 జనవరి 20న దారిలో హింగన్‌ఘాట్ అనే ఊళ్లో కన్నుమూశాడు. అప్పటికి 1,65,000 చదరపు మైళ్లకు పైగా నేలను త్రిభుజాలతో కప్పాడు. మిగతాది ఎవరెస్టు, ఆ పైన ఇంకొందరు హిమాలయాల దాకా తీసుకుపోయారు. 1865లో ప్రపంచంలో ఎత్తయిన శిఖరానికి ఎవరెస్టు పేరు పెట్టారు. లాంబ్టన్‌కు హింగన్‌ఘాట్‌లో ఒక సమాధి మిగిలింది.

ఆయన తేల్చిన రేఖాంశాలన్నీ మద్రాసు నక్షత్రశాల మీద ఆధారపడ్డవి. రేఖాంశమంటే నిజానికి వేళే. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. మద్రాసు వేళకూ గ్రీనిచ్ వేళకూ తేడా తెలిస్తే మద్రాసు రేఖాంశం తెలుస్తుంది. ఆ రోజుల్లో తంతి లేదు, రేడియో లేదు. గురుగ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహాలకు పట్టే గ్రహణాలనే గడియారంగా వాడుకునేవారు. అలా వచ్చిన మద్రాసు రేఖాంశంలో కొంచెం పొరపాటుందని 19వ శతాబ్దం చివర తంతి ద్వారా వేళలు పోల్చినప్పుడు తేలింది. సుమారు రెండున్నర నిమిషాల కోణం, మన అక్షాంశంలో నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. అప్పుడు దేశం పటమంతా ఆ మేరకు పడమటికి జరపవలసి వచ్చింది. కాని ఊరికీ ఊరికీ మధ్య లాంబ్టన్ పద్ధతిలో కొలిచిన దూరాలు చెదరలేదు. బిగువుగా అల్లిన చాపను పక్కకు జరిపినా అల్లిక చెడదు.

విద్యార్థి మిత్రులు ఒక చిన్న పని చేసి చూడాలని నా కోరిక. తిరుపతి 79 డిగ్రీల 25 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. 1906 నుంచి మన దేశపు గడియారం 82½ డిగ్రీల రేఖాంశానిది. మనం దానికి 3 డిగ్రీల 5 నిమిషాలు పడమట ఉన్నాం గనుక సూర్యుడు మన నెత్తిమీదికి 12 నిమిషాల 20 సెకండ్లు ఆలస్యంగా వస్తాడు. ఏప్రిల్ 15 ప్రాంతంలో కాలేజీ మైదానంలో ఒక కర్ర నిటారుగా పాతి చూడండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది పన్నెండింటికి కాదు, పన్నెండూ పన్నెండుకు. మిగతా రోజుల్లో సూర్యుడి నడకను బట్టి ఈ వేళ కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. మార్చి 21న మీటరు కర్రకు మిట్టమధ్యాహ్నం నీడ 24 సెంటీమీటర్లు వస్తే మీ అక్షాంశం 13½ డిగ్రీల పైచిలుకు. గడియారమూ కర్రా చాలు, మీ చోటు మీరే చెప్పగలరు.

మా ఊరు ఒకప్పుడు మద్రాసు రాజధానిలో ఉత్తరార్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 2022లో తిరుపతి జిల్లా. ఇల్లు కదలకుండానే ఇన్ని ఊళ్లకు కోడలినయ్యానని మా అవ్వ ఉండి ఉంటే అనేది. చిరునామా ఇన్నిసార్లు మారినా అక్షాంశం రేఖాంశం మారలేదు. శ్రీహరికోట కూడా ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోదే. 2013 నుంచి చోటు చెప్పే మన దేశపు ఉపగ్రహాలు అక్కడినుంచే పైకి పోతున్నాయి. పరంగిమల దగ్గర గొలుసు పరిచిన పనికి అది ముసలిమునిమనవడు.

ఆనాడు నన్ను పిలిచి వేలు పెట్టమన్న మా సారు ఇప్పుడు లేరు. ఉండి ఉంటే ఆ గ్లోబు ముందు మళ్లీ నిలబడి, ఈసారి వేలు పెట్టకుండా, 13 డిగ్రీల 35 నిమిషాల ఉత్తరం, 79 డిగ్రీల 19 నిమిషాల తూర్పు అని చెప్పేవాణ్ణి. ఆ తరువాత చింతతోపు పక్కన మట్టిదారి కూడా చెప్పేవాణ్ణి. ఆయన కాదనరనే నా నమ్మకం.